మనసు మాత్రకు అజ్ఞాతవాసం

సాయంత్రం ఏడింటికి మా వీధి మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఊళ్లో ఎవరి పేగు ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. "పొద్దున్నించి ఐదుసార్లయింది బాబూ, ఉత్త నీళ్లు" అని ఒకాయన ప్రకటిస్తాడు. వెనక నిలబడ్డ పెద్దావిడకి నాలుగు రోజులుగా ఒక్కసారీ కాలేదు. ఆ ఐదులో రెండు అప్పివ్వరాదా అన్నట్టు ఆయన వైపు చూస్తుంది. ఇంకొకాయన ఉన్నాడు, పట్టంచు పంచె, బంగారు ఫ్రేము కళ్లజోడు. ఆయన తన జబ్బు మాటల్లో చెప్పడు. కౌంటరు మీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో రొమ్ము మీద రెండు దెబ్బలు వేసుకుని, వీధి మలుపు దాకా వినబడేలా త్రేన్చి చూపిస్తాడు. ఇక సాక్షులతో పని లేదు. కుర్రాడు మారుమాట్లాడకుండా గ్యాసు క్యాప్సూళ్ల అట్ట తీసి కత్తెర ఆడిస్తాడు. మొలలు, తామర, గజ్జి, సెగ్గడ్డ, దేనికీ ఇక్కడ చాటు లేదు. మనవాళ్లకి ఒంటి విషయంలో సిగ్గంటూ ఉంటే అది ఆధార్ కార్డు మీది ఫొటో వరకే.

అదే షాపులో, ఫ్రిజ్ పక్కన, పిల్లల డైపర్ల ధరలు శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. అరవై దాటినవాడికి డైపర్లతో పనేమిటని ఎవరూ అడగరు. జనం పలచబడేదాకా ఆగి, మడతలు నలిగిన చీటీ ఒకటి గల్లాపెట్టె వైపు జరుపుతాడు. ఆ మనిషి నేను. చీటీలో ఉన్నది ఎసిటాలోప్రామ్, పది మిల్లీగ్రాములు, రాత్రి భోజనమయ్యాక ఒకటి. మూడేళ్లుగా వేసుకుంటున్నాను. బాగా పనిచేస్తోంది. ఈ మూడేళ్లలో దాని ఊసు పైకి ఎత్తింది షాపు కుర్రాడొక్కడే, అదీ వెనక గదిలో ఉన్న ఓనరుకి వినబడాలని: "అన్నా, డిప్రెషన్ మాత్రలు పది ఎంజీవి అయిపోయాయా?" ఆ కేక వేసిన నోటితోనే, నా పరువు కాపాడాలని గుర్తొచ్చి, మాత్రలు పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ముడివేసి ఇస్తాడు. మా ఊళ్లో నల్ల కవర్లో ఇంటికెళ్లే సరుకులు మూడే. మిగతా రెండూ మీకు తెలుసు.

ఇంటికి చేరాక అజ్ఞాతవాసం మొదలు. విరాటరాజు కొలువులో భీముడు గరిటె పట్టినట్టు, అర్జునుడు గజ్జె కట్టినట్టు, మనసు మాత్ర ఇంటికో మారుపేరుతో బతుకుతుంది. ఒకరింట్లో అది "నరాల బలానికి". ఇంకొకరింట్లో "నిద్ర పట్టడానికి". పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో కాల్షియం సీసాలోకి చేరి "ఎముకలకి" అయిపోతుంది. నాకు తెలిసిన ఒకావిడ ఏళ్ల తరబడి సెర్‌ట్రలిన్ వేసుకుంటూ, అది థైరాయిడ్ మాత్రని భర్తకి చెప్పింది. కొన్నాళ్లకి ఆయనకి నిజంగానే థైరాయిడ్ వచ్చింది. తన మాత్రలు నిండుకున్న ఒక పొద్దున, ఇంట్లో ఉన్నవే కదా అని ఆవిడ డబ్బాలోంచి ఒకటి తీసి వేసుకున్నాడు. ఆ పూటంతా కడుపులో తిప్పిందట. దానికి మళ్లీ గ్యాసు మాత్ర వేసుకున్నాడు. ఇది మీరు నవ్వుకోవడానికి చెప్పలేదు, అయినా నవ్వుకోవచ్చు.

పాండవులకి అజ్ఞాతవాసం ఒక్క ఏడాది. ఆ ఏడాదిలో ముప్పు తెచ్చినవాడు కీచకుడు. సైరంధ్రి అసలు ఎవరో వాడికి తెలియదు. తెలియకే చెయ్యి పట్టాడు. మన ఇళ్లలో కీచకుడు దగ్గుమందు సీసాలో వస్తాడు, ఒళ్లునొప్పుల మాత్రగా వస్తాడు, "మరేం పర్లేదు, అందరూ వేసుకునేదే" అనే పేరుతో వస్తాడు. ఒకటి పేరు చెప్పుకోలేని మాత్ర, ఇంకొకటి సిగ్గు లేని మాత్ర. వీధిలో ఈ రెండూ ఎదురుపడవు. కలుసుకునేది కడుపులోనే. అక్కడ నల్ల కవర్లు ఉండవు.

ఈ సిగ్గు మనకే ఎందుకని నాకో బాధ. ఈ మాత్రల మీద సొమ్ము చేసుకోవడంలో మనకేమీ మొహమాటం లేదు. 2001 ఆగస్టులో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్, ప్రొజాక్ అనే పేరుతో లోకమంతా తెలిసిన ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ని అమెరికా బజార్లో దింపింది. ఆరు నెలలపాటు ఆ మోతాదుకి జనరిక్‌గా తనే ఏకైక హక్కుదారు. అమెరికా వాడి దిగులుకి మనూరి మందు అని పత్రికలు పొంగిపోయాయి, షేరు పొంగింది. అమెరికా వాడు దాన్ని వంటగది గట్టు మీద విటమిన్ల పక్కన పెట్టుకుని మింగుతుంటే, దాన్ని చేసి పంపిన నగరంలో మనం బియ్యం డబ్బాలో దాచుకుంటున్నాం. చెయ్యడానికి సిగ్గు లేదు, అమ్మడానికి లేదు, షేర్లు కొనడానికి అసలే లేదు. మింగడానికొచ్చేసరికి మాత్రం వంశగౌరవం అడ్డొస్తుంది.

సరే, కీచకుడి సంగతి. పొడిదగ్గుకి షాపులో చేతికిచ్చే మందుల్లో చాలావాటిలో డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. ఈ పేరు సీసా వెనక, చీమలు కూడా కళ్లజోడు పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న దిగులు మాత్రలు చేసే పని ఒకటుంది: మెదడులో నరానికీ నరానికీ మధ్య విడుదలైన సెరటోనిన్ అనే రసాయనం వెంటనే వెనక్కి వెళ్లిపోకుండా పట్టి ఉంచడం. ఈ దగ్గుమందుదీ కొంతవరకు అదే చేతివాటం. పైగా దాన్ని అరగదీసి బయటికి పంపాల్సిన ఎంజైము ఒకటి కాలేయంలో ఉంది, సీవైపీ2డీ6 అని. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ దాని గొంతు నొక్కి పెడతాయి. అంటే వచ్చిన చుట్టం మంచివాడు కాడు, పంపించే మనిషికి జ్వరం. ఫ్లూఆక్సెటిన్ అయితే మానేసిన ఐదు వారాల దాకా ఒంట్లో తచ్చాడుతూనే ఉంటుంది, కాబట్టి "నేను పోయిన నెలే ఆపేశానండీ" అన్నా లాభం లేదు.

మామూలు మోతాదులో అందరికీ ఏదో అయిపోతుందని నేను బెదిరించడం లేదు. తీవ్రమైన ప్రమాదం అరుదు. కానీ దగ్గు తగ్గలేదని రెండు మూతలకి బదులు నేరుగా సీసా ఎత్తిపట్టే శూరులు మన ఇళ్లలో అరుదు కాదు. అలా సెరటోనిన్ మితిమీరితే కొన్ని గంటల్లోనే, సాధారణంగా ఒక రోజు లోపే, ఒళ్లు చెమటలు పడుతుంది, చేతులు వణుకుతాయి, కాళ్లు వాటంతటవే ఎగిరిపడతాయి, గుండె దడదడలాడుతుంది, విరేచనాలవుతాయి, మనిషి కుదురుగా కూర్చోలేడు. ముదిరితే జ్వరం పేట్రేగి ఒళ్లు బిగుసుకుపోతుంది, మాట తేడా వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన స్థితి ఇది. దీన్ని సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. మనం అలా అనం. మనం విరేచనాలని చూసి విరేచనాల మాత్ర ఇస్తాం. జ్వరాన్ని చూసి జ్వరం మాత్ర. వాంతి వచ్చేలా ఉందంటే వాంతుల మాత్ర. చెమటలు చూసి షుగరు పడిపోయిందని గ్లూకోజు. వణుకు చూసి మాత్రం ఇంట్లో పెద్దావిడ రంగంలోకి దిగుతుంది: ఉప్పు, ఎండుమిరపకాయలు, మూడుసార్లు దిగదుడుపు. ఈ మొత్తం వైద్యంలో రోగికి హాని చెయ్యనిది ఆ చివరిదొక్కటే. మిరపకాయలు ఘాటెక్కకపోతే దిష్టి బాగా తగిలినట్టు. ఘాటెక్కితే ఆ దగ్గుకి మళ్లీ దగ్గుమందు.

షాపులో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందో వైద్య చరిత్రలో రాసి ఉంది. 1963లో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో బారీ బ్లాక్‌వెల్ అనే కుర్ర డాక్టరు, అప్పటి రకం దిగులు మాత్ర ట్రానిల్‌సైప్రమిన్ వేసుకునేవాళ్లలో కొందరికి ఉన్నట్టుండి బీపీ ఎగసి తల పగిలిపోతోందని లాన్సెట్ పత్రికకి ఉత్తరం రాశాడు. అది చదివి నాటింగ్‌హామ్ నుంచి ఒక ఫార్మసిస్టు ఆయనకి జాబు రాశాడు: మా ఆవిడ ఈ మాత్ర వేసుకుంటుంది, చీజ్ తిన్న రెండుసార్లూ ఆమెకి ఇలాగే అయింది, మీరు చెప్పే తలనొప్పికీ చీజ్‌కీ ఏమైనా సంబంధం ఉందా? మొదట నవ్వుకున్నారు. తరవాత వెతికితే దొరికింది. మాగిన చీజ్‌లో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా ఒంట్లో దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆ మాత్ర ఆపేస్తుంది. బీపీ ఆకాశానికి అంటుతుంది. ఆ జాతి మాత్రలు ఇప్పుడు అరుదుగా రాస్తున్నారు. వాటి మీద ఉన్నవాళ్లు ముక్కుదిబ్బడ విప్పే జలుబు మాత్రలు కూడా డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. నేను ఈ కథ చెప్పింది చీజ్ కోసం కాదు, మన ఊళ్లో మాగిన చీజ్ కన్నా మాగిన రాజకీయ నాయకులే ఎక్కువ. ఒక ఫార్మసిస్టు తన భార్య ఏం మింగుతోందో, పైన ఏం తింటోందో రెండూ తెలిసి ఉండి, ఆ రెంటినీ కలిపి చూశాడు. అంతే ఆయన చేసింది.

మా షాపులోనూ ఫార్మసిస్టు ఉన్నాడు. గోడ మీద, ఫ్రేములో. సర్టిఫికెట్టు, కింద ఫొటో, పైన ట్యూబులైటు. ఆయన్ని ఇంతవరకూ నేను మనిషిగా దర్శించలేదు. దండ వెయ్యలేదు కాబట్టి బతికే ఉన్నాడని అనుకుంటున్నాను. 2015లో ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు వచ్చాయి. మందు చేతికిచ్చేటప్పుడు రోగికి ఫార్మసిస్టు అన్నీ వివరంగా చెప్పాలని అందులో ఉంది. ఫొటో మాట్లాడదు కాబట్టి ఆ బాధ్యత కుర్రాడి మీద పడింది. వాడి కౌన్సెలింగు రెండు ముక్కలు: "తిన్నాక", "తినకముందు". కొత్తవాళ్లకి మూడోది కూడా ఉంటుంది: "స్కానరు ఆ పక్క". వాడిని తిట్టి లాభం లేదు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా నిలబడే వాడికి ఫార్మకాలజీ ఎవరు నేర్పారు?

చట్టమైనా నేర్పిందా అంటే, 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి దాని నిబంధనలు నేటికీ మనల్ని కాపాడుతూనే ఉన్నాయి. వాటిలో షెడ్యూల్ హెచ్ ఉంది, 2014 నుంచి అమలైన హెచ్1 ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి అందులో ఉంటాయి. చీటీ లేకుండా అమ్మదగిన మందులివీ అనే జాబితా మాత్రం విడిగా లేదు. జాబితా లేని లోటు తెలియకుండా షాపులే సర్దేశాయి: అరలో ఉన్నవన్నీ ఆ జాబితాయే. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. ఒమెప్రజోల్ కూడా. ఈ సంగతి ఊళ్లో ఎవరికైనా చెప్పి చూడండి, వేరుశనగ ఉండలకి లైసెన్సు కావాలన్నట్టు చూస్తారు. చీటీ మీదే అమ్మాల్సిన మందు అని గుర్తుగా అట్ట మీద ఎర్రగీత వేస్తారు. కుర్రాడి కత్తెర దారి కూడా ఎప్పుడూ అటే. "నాలుగు చాలు" అంటే నాలుగే కత్తిరించి ఇస్తాడు. గీత, పేరు, గడువు తేదీ అన్నీ మిగతా ఆరింటితో షాపులోనే ఉండిపోతాయి. ఇంటికొచ్చిన ముక్క మీద "…ఫెనా… ఎస్ఆర్ 1" అని ఉంటుంది. ఆ శాసనాన్ని ఛేదించి, పక్కింటావిడ నడుమునొప్పికి దానం చేస్తాం.

నొప్పి మాత్ర దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే దగ్గుమందు కథ కన్నా ఇది చాలా మామూలుగా జరిగేది. గాయమైన చోట రక్తం గడ్డకట్టాలంటే ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ పట్టుకి వాటికి సెరటోనిన్ సాయం కావాలి. దాన్ని అవి సొంతంగా తయారు చేసుకోలేవు, రక్తంలోంచి లోపలికి లాక్కుంటాయి. దిగులు మాత్ర మెదడులో ఏ తలుపు మూస్తుందో, ప్లేట్‌లెట్‌కీ అదే తలుపు మూస్తుంది. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్ లాంటివి ఇంకోవైపు నుంచి వచ్చి కడుపు లోపలి పొరని పలచన చేస్తాయి. ఒకటి గోడ గీకుతుంది, ఇంకొకటి మేస్త్రీని రానివ్వదు. రెండూ కలిస్తే పొట్టలో రక్తం కారే ప్రమాదం ఏ ఒక్కటి విడిగా వేసుకున్నప్పటి కన్నా పెరుగుతుంది. గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునే పెద్దవాళ్లకి మరీ. విరేచనం తారులా నల్లగా అవుతుంది. మనవాళ్లు దాన్ని కూడా షాపుకొచ్చి గట్టిగానే చెబుతారు, ఆ ధైర్యానికి లోటు లేదు. "ఐరన్ మాత్ర వేసుకుంటే అలాగే ఉంటుందిలెండి" అని పక్కనున్నాయన భరోసా ఇస్తాడు. ఐరన్ మాత్ర వేసుకోవడం లేదే అని ఈయనకి స్ఫురించేసరికి కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరగడానికి మళ్లీ ఇంకో మాత్ర.

జ్వరానికో ఒళ్లునొప్పులకో వేసుకోవాల్సి వస్తే ఇలాంటివాళ్లకి డాక్టర్లు ముందుగా చెప్పేది పారాసిటమాల్. అందులో మజా లేదని మనవాళ్లకి దాని మీద చిన్నచూపు. "అది పిల్లలకి" అంటారు. ఇంకొందరికి దాని మీద మరీ ప్రేమ: 650ది పూటకొకటి, దాని పైన జలుబు మాత్ర, ఆ జలుబు మాత్రలోనూ అదే ఉందని చూసుకోరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 4 గ్రాములు హద్దు, లివరు బాగోలేనివాళ్లకీ తాగేవాళ్లకీ ఇంకా తక్కువ. ఇక మా మేనత్త కొడుకు లాంటి ఉదారులుంటారు. మోకాలి ఆపరేషన్లో మిగిలిన ట్రమడాల్ మాత్రలు దాచి, ఏ చుట్టానికి నడుము పట్టేసినా ప్రసాదంలా పంచుతాడు. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు, అయినా మా వాడి ధర్మసత్రం ఆగలేదు. దిగులు మాత్రల మీద ఉన్నవాళ్లకి అది సెరటోనిన్‌నీ పెంచగలదు, ఫిట్సూ తెప్పించగలదు.

ఇక గ్యాసు. తెలుగువాడికీ గ్యాసుకీ ఉన్న బంధం గురించి ఎవరైనా పరిశోధన చెయ్యాలి. మన భాషలో దిగులు నేరుగా రాదు, గ్యాసు వేషంలో వస్తుంది. గుండెల్లో బరువు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, తిన్నది సయించదు, నాలుగింటికే మెలకువ. నేనూ రెండేళ్లు గ్యాసుకే మందు తిన్నాను. ఎండోస్కోపీ చేసిన డాక్టరు, లోపల అద్దంలా ఉందండీ, ఒకసారి ఫలానా డాక్టర్ని కలవండి అని చీటీ రాసిచ్చాడు. ఆ ఫలానా బోర్డు మీద "మానసిక" అనే మాట చూసి మెట్ల దగ్గర్నించి రెండుసార్లు వెనక్కొచ్చాను. మూడోసారి వానొచ్చింది, వెనక్కి వెళ్లడానికి గొడుగు లేదు, అందుకని పైకెక్కాను. అలా మొదలైంది నా ఎసిటాలోప్రామ్. గ్యాసు మాత్ర మాత్రం మానలేదు, అలవాటు కదా. దాని సంగతి ఆయనకి చెప్పలేదు, గ్యాసు మాత్ర కూడా ఒక మందేనా అని. ఇటు షాపులో గ్యాసు మాత్ర కొన్నప్పుడు మనసు మాత్ర సంగతి ఎత్తలేదు.

ఏడాది తరవాత ఏదో మాటల్లో బయటపడితే డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమును అణుస్తాయి. ఎసిటాలోప్రామ్ బయటికి పోయేది ఎక్కువగా ఆ దారినే. అంటే నేను చీటీ ప్రకారం వేసుకుంటున్నది పది. నా రక్తం చూస్తున్నది అంతకన్నా ఎక్కువ. మోతాదు పెరిగితే గుండె లయ మీద ప్రభావం పడే గుణం ఈ కుటుంబానికి ఉంది. దీని తోబుట్టువు సిటాలోప్రామ్ సంగతిలో, ఆ ఎంజైమును అణిచే మందులు వాడేవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే చెప్పింది. ఇక గ్యాసు క్యాప్సూళ్లలో తోడుగా కలిపే డాంపెరిడోన్ కూడా గుండె లయని కదపగలదు. యూరప్ వాళ్లు 2014లో దాన్ని వికారానికి, వాంతులకి, మామూలుగా వారం దాటకుండా వాడమన్నారు. మన బంగారు ఫ్రేము పెద్దాయన దాన్ని ఎన్నేళ్లుగా పరగడుపున కాఫీ కన్నా ముందు వేసుకుంటున్నాడో షాపు పెట్టిన తేదీ చూస్తే తెలుస్తుంది. నా డాక్టరు చేసింది చిన్నపనే: ఒక ఈసీజీ తీయించి, గ్యాసుకి వేరే మాత్ర కొన్నాళ్లకి రాసి, తరవాత అసలది అవసరం లేదని తేల్చాడు. నా గ్యాసు అప్పటికే ఎప్పుడో పోయిందట. నాకే తెలియదు.

"నేను అలాంటి మాత్రలు వేసుకోనండీ" అని గర్వంగా చెప్పేవాళ్ల గురించి రెండు మాటలు. మైగ్రేనుకి, షుగరు వల్ల కాళ్ల మంటలకి అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ రాస్తారు. ఇవి పుట్టుకతో దిగులు మాత్రలే. ఏ తాతగారో రాత్రి కాళ్ల మంటకి అమిట్రిప్టిలిన్ వేసుకుని, జలుబు చేసిందని దాని మీద క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర వేస్తే, రెండూ ఒకే వైపు లాగి నోరెండి, కళ్లు మసకబారి, తెల్లారేసరికి మూత్రం బిగిసిపోయి కూర్చుంటుంది. అంతదాకా వచ్చాక, తాతగారికి దిగులు మాత్ర ఎందుకిచ్చారని కొడుకు డాక్టరు మీదికి వెళ్తాడు. అదొక పరువు నష్టం.

మరి మన అమెరికా పిల్లలు? వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, గోంగూర, కందిపొడి. వచ్చేటప్పుడు అందులోనే వందలేసి మాత్రల ఇబుప్రొఫెన్ సీసాలు, రాత్రి దగ్గుకి నైక్విల్, "నాన్నా, ఇది హెర్బల్, సైడ్ ఎఫెక్ట్సే ఉండవు" అని సెయింట్ జాన్స్ వార్ట్. నైక్విల్‌లో డెక్స్ట్రోమెథార్ఫాన్, మత్తెక్కించే డాక్సిలమిన్, పారాసిటమాల్ మూడూ ఉంటాయి. ఆ హెర్బల్ గారైతే తనే ఒక దిగులు మందు. డాక్టరిచ్చిన దానికి తోడైతే సెరటోనిన్ ముప్పు, పైగా కాలేయాన్ని ఉసిగొల్పి గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే మందులు కొన్నిటిని పనిచెయ్యకుండా చేస్తుంది. ఆకు కదా, ఆకు ఏం చేస్తుంది అంటారు. గంజాయి కూడా ఆకే.

ఇదంతా విన్నవాడికి మన బంధువర్గం ఇచ్చే సలహా నాకు ముందే తెలుసు: "అంత గోలయితే ఆ మాత్రలే మానెయ్యరాదూ!" మానెయ్యమన్నది దగ్గుమందుని కాదు సుమా. మూడు రోజుల దగ్గు కోసం మూడేళ్ల మందు వదిలెయ్యాలన్నమాట. చెప్పకుండా ఆపేస్తే తల దిమ్ము, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, నిద్రలేమి, వీటన్నిటి వెనకే పాత దిగులు తిరిగొస్తాయి. బీపీ మాత్ర మీద ఉన్నవాడికి ఎవరూ ఈ సలహా ఇవ్వరు. షుగరు మాత్రనైతే పెళ్లిభోజనాల బంతిలో నలుగురికీ చూపించి, "ఒకటెక్కువేశాలే" అని అభయమిచ్చుకుని జాంగ్రీ మీద పడతారు.

మందుల వల్ల చెడు జరిగితే చెప్పుకోవడానికి ప్రభుత్వం ఒక ఉచిత నంబరు కూడా పెట్టింది, 1800-180-3024, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వాళ్లది. మనసు బాగోలేకపోతే టెలీ మానస్, 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా షాపు గోడ మీద ఈ రెండూ లేవు. జాతకాలు చెప్పే ఆయన నంబరుంది, అప్పులిచ్చేవాళ్లది ఉంది.

పోయిన వారం నాకు దగ్గు పట్టుకుంది. డాక్టరు అప్పట్లో ఒక మాట చెప్పాడు: మీరు వేసుకునేవన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఏం కొన్నా ముందు అది చూపించి పడుతుందా అని అడగండి, షాపులో తెలియదంటే నాకు ఫోన్ చెయ్యండి. రెండేళ్లుగా ఆ కాగితం జేబులో ఉంది. ఇస్త్రీ అయినప్పుడల్లా దానికీ ఇస్త్రీ అవుతోంది. ఆ సాయంత్రం డైపర్ల దగ్గర నిలబడి నిలబడి విసుగొచ్చింది. జనం మధ్యలోంచి కౌంటరు దాకా వెళ్లి, కాగితం పరిచి, నాకు వీలైనంత గట్టిగానే అడిగాను: "బాబూ, నేను డిప్రెషన్‌కి ఎసిటాలోప్రామ్ వేసుకుంటున్నాను. ఈ దగ్గుమందు దాంతో పడుతుందా?"

షాపు ముందు చప్పుడు ఆగిపోయింది. విరేచనాల గురించి వర్ణిస్తున్నాయన వాక్యం సగంలో వదిలేశాడు. కుర్రాడు కాగితాన్ని చూశాడు, సీసాని చూశాడు, సాయం కోసం గోడ మీద ఫొటోని కూడా ఒకసారి చూశాడు.

"అది తెలీదు మాస్టారూ," అన్నాడు. "కానీ ఇది బాగా మూవింగ్ ఉన్న మందండీ."

సీసా అక్కడే వదిలి, డాక్టరుకి ఫోన్ కలపడానికి పక్కకొచ్చాను. ఎవరో మోచెయ్యి తాకించారు. బంగారు ఫ్రేము. చేతిలో అప్పుడే కత్తిరించిన గ్యాసు క్యాప్సూళ్ల ముక్క. ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

"మాస్టారూ, మీదీ పదేనా?"